గుడ్డ సిపాయి

"ఆదివారం పిల్లల ముందు నువ్వు మళ్ళీ ఆ కథ చెప్పావంటే, సోమవారం పొద్దున్నే పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను గ్లెనిస్! ఆ తర్వాత ఏడాదికోసారి కూడా నువ్వు దాని మొహం చూడవు!"

టీగన్ వంటింటి జాలీ తలుపు బార్లా తెరిచి పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. మందుల దుకాణంలో వేసుకునే తెల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది. గ్లెనిస్ రెండు చేతులూ ఓట్స్, కొబ్బరికోరు, పాకం కలిసిన బిస్కెట్ల ముద్దలో మణికట్టు దాకా మునిగి ఉన్నాయి. కోడలి కళ్ళలో అంత మంట చూస్తూ కూడా ఆమె నోటిదాకా వచ్చిన మాట, 'తలుపు వెయ్యి, ఈగలు వస్తున్నాయి' అని! మనసు ఎంత పిరికిది... ఇల్లు కూలుతుంటే కిటికీ అద్దం మీద మరక కోసం వెతుక్కుంటుంది. ఆ మాటని మింగేసింది. దాంతోపాటు ఇంకేవో మాటలు కూడా లోపలికి పోయాయి.

గ్లెనిస్! తొమ్మిది నెలల క్రితం వరకు ఈ పిల్ల తనని 'అమ్మా' అని పిలిచేది. రోరీని పాతిపెట్టి వచ్చిన మధ్యాహ్నం, చర్చి వెనక గదిలో అందరికీ టీలు పోస్తూ, "గ్లెనిస్, పాలు ఎక్కడ పెట్టావు?" అంది. అంతే. ఎవరూ గమనించలేదు. ఒకే రోజు కొడుకు మట్టిలోకి పోయాడు, పిలుపూ పోయింది. మొదటిదానికి ఊరంతా వచ్చి ఏడ్చింది... రెండోదానికి ఆమె ఒక్కతే.

"ఏం జరిగిందో చెప్పు టీగన్," అంది నెమ్మదిగా.

"ఏం జరగాలి? బళ్ళో ఆన్జాక్ డే అని సిపాయిల బొమ్మలకి రంగులు వేయించారు. మన పాప లేచి, 'మా నాన్న సిపాయి, ప్రాణం పెట్టాడు' అందట. పక్కన కూర్చున్న పిల్ల ఊరుకుంటుందా? 'మీ నాన్న పెట్టలేదు, తనే తీసుకున్నాడు, మా అమ్మ చెప్పింది, అది లెక్కలోకి రాదు' అందట!" టీగన్ గొంతు ఒక్కసారి తెగిపోయింది. మళ్ళీ అతికించుకుంది. "ఇంటికొచ్చి నన్నేం అడిగిందో తెలుసా? 'అమ్మా, నాన్న ప్రాణం తీసుకున్నాడట కదా... తీసుకుని ఎక్కడికి వెళ్ళాడు?'"

గ్లెనిస్ చేతులు ముద్దలో కదలడం మానేశాయి.

"చెప్పు! ఏం చెప్పను? నాలుగు రోజులైంది. పళ్ళు తోముకుంటూ అడుగుతోంది, కారెక్కుతూ అడుగుతోంది. ఆ 'ప్రాణం పెట్టడం' దానికి నేర్పిందెవరు? నువ్వు! దాని నాన్నకి నేర్పిందెవరు? నువ్వే! ఆదివారం అది నీ చాప మీద కూర్చుని అందరి ముందు అడుగుతుంది. అవునని చెబితే అబద్ధం. కాదని చెబితే వాణ్ణి రెండోసారి పాతిపెట్టినట్టు. ఏది చేస్తావో చెయ్యి!"

"అయితే మానేస్తాను. పాస్టరమ్మకి ఫోన్ చేసి..."

అప్పుడే టీగన్ మోచేతి కింద నుంచి ఒక తల దూరి వచ్చింది. ఆరేళ్ళ పిప్పా. ముక్కు మీద, బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు. రోరీ మొహాన్ని ఎవరో కడిగి, చిన్నది చేసి, మళ్ళీ ఆరబెట్టినట్టుంటుంది.

"నానమ్మా, ముద్ద పెట్టు కొంచెం! ఆదివారం నేను ముందు వరసలో కూర్చుంటా. నాన్న పతకాలు పెట్టుకొస్తా. అమ్మ సరేనంది. నువ్వు నాన్న కథే కదా చెప్పేది?"

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. తలుపు ఇంకా తెరిచే ఉంది. ఈగలు లోపలికి వచ్చేశాయి.

"చెబుతాను తల్లీ," అంది గ్లెనిస్. ఏం చెబుతుందో ఆమెకే తెలియదు.

*

శనివారం పొద్దున ఆమె బీరువా పైనుంచి అట్టపెట్టె దించింది. అందులో గుడ్డ పలక, గుడ్డ బొమ్మలు. పలక మీద నీలం ఉన్నిగుడ్డ బిగించి ఉంటుంది. ఉన్ని బొమ్మల్ని దానికి అదిమితే నూగు నూగుని పట్టుకుని, జిగురు లేకుండానే నిలబడతాయి. ముప్పై ఒక్కేళ్ళుగా, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే ఆన్జాక్ డేకి ముందొచ్చే ఆదివారం, పెద్దవాళ్ళ ఆరాధనకి ముందు పది నిమిషాలు ఆమెవి. ముందుగా ఎర్ర సిలువ. యేసయ్య మన కోసం ప్రాణం పెట్టాడు. పక్కన సిపాయి. ఇతను తన స్నేహితుల కోసం ప్రాణం పెట్టాడు. ఇతని వెనక కప్పు కింద ఒక కుటుంబం. వీళ్ళు హాయిగా ఉన్నారు. చివరికి సిపాయిని తీసేసి, అతనున్న చోట ఒక తెల్ల సిలువ. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. వెనక బెంచీల్లో ముసలివాళ్ళు ముక్కులు తుడుచుకునేవాళ్ళు.

ఆ కథ అంటే ఆమెకి ఎందుకంత ఇష్టం? ఇన్నేళ్ళలో ఎప్పుడూ వేసుకోని ప్రశ్న అది. ఇప్పుడు వంటింటి బల్ల ముందు కూర్చుని, సిపాయి బొమ్మని వేళ్ళతో నిమురుతూ, తన లోపలికి తనే పరాయిదానిలా తొంగి చూసుకుంది. సిపాయిని తీసి తెల్ల సిలువ పెట్టే ఆ క్షణంలో తన గొంతు వణికేది. దుఃఖంతో కాదు... సంతోషంతో! ఆ చావు అంత శుభ్రంగా ఉండేది. రక్తం లేదు, కంపు లేదు, రాత్రిళ్ళు కేకలు లేవు. ఒక చేత్తో తీసి ఒక చేత్తో పెట్టడం. ఆ శుభ్రతని ఆమె ప్రేమించింది. దానికి భక్తి అని పేరు పెట్టుకుంది.

ఆ సిపాయి బుగ్గల మీద గోధుమరంగు సిరా చుక్కలున్నాయి. రోరీ ఆరేళ్ళప్పుడు పెట్టినవి. "వీడికీ నాలాగే మచ్చలుండాలమ్మా!" అన్నాడు. ఆమె నవ్వి పెట్టనిచ్చింది. పందొమ్మిదేళ్ళకి సైన్యంలో చేరతానన్నప్పుడు కూడా ఎందుకని అడగలేదు. కారణం ఆమె చేత్తోనే కుట్టినది కదా!

ఆఫ్ఘనిస్తాన్‌కి ఆమె నీలం రేకు డబ్బాలో బిస్కెట్లు పంపేది. వాడు తిరిగొచ్చాక ఆ డబ్బా ఆమె చేతికిచ్చి, "బిస్కెట్లు బాగున్నాయమ్మా. డబ్బా వాపసు," అన్నాడు. లోపల పతకాలు. ఆ తర్వాత ఎన్నడూ వాటిని తీసి పెట్టుకోలేదు. ఎనిమిదేళ్ళు బతికాడు. పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని ఎత్తుకున్నాడు, ధాన్యం లారీ నడిపాడు. లారీ వెనక్కి తీసేటప్పుడు ఏదైనా చప్పుడైతే మాత్రం చాలాసేపు స్టీరింగు వదిలేవాడు కాదు. ఇవన్నీ ఆమె చూసింది. చూడటం వేరు, అడగటం వేరు.

సరిగ్గా ఏడాది క్రితం ఇదే ఆదివారం, టీలు అయ్యాక, పలక మడవడానికి వచ్చి వాడే అన్నాడు: "అమ్మా, ఇందులో తిరిగొచ్చినోడి బొమ్మ ఏదీ?"

"అదేం ప్రశ్నరా?"

"వెళ్ళినోడున్నాడు, పోయినోడున్నాడు. ఇంటికొచ్చినోడు లేడు. నన్నెక్కడ అంటిస్తావు?" అని నవ్వాడు.

"నిన్ను వంటింట్లో అంటిస్తా, గిన్నెలు తోముదువుగాని. ముందు ఆ బిస్కెట్ తిను," అంది. తనూ నవ్వింది. వాడు నిజంగానే గిన్నెలు తోమాడు. మూడు నెలల తర్వాత, ఈ దేశంలో చలికాలమైన జూలైలో, ఎముకలు కొరికే చలిలో, తన ప్రాణం తనే తీసుకున్నాడు. వాడు ఆ రోజు తలుపు వేలెడంత తెరిచాడు... ఆమె ఎంత మర్యాదగా, ఎంత ప్రేమగా దాన్ని మూసేసింది!

"గ్లెన్! నీ పొద మీద దాడికొచ్చా, తుపాకీ దించు!"

పెరట్లోంచి కేక. క్లెమ్. డెబ్భై దాటాయి. వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళలో ఈ ఊళ్ళో మిగిలినవాడు అతనొక్కడే. ఆన్జాక్ డే తెల్లవారుజామున పోయినవాళ్ళ గుర్తుగా అందరి ఛాతీ మీద గుచ్చే రోజ్‌మేరీ రెమ్మలన్నీ ఏటా గ్లెనిస్ పొద నుంచే వెళ్తాయి. ఆమె కత్తెర తీసుకుని బయటికి వచ్చింది. ఇద్దరూ రెమ్మలు కోశారు. ఎండిన దుక్కుల మీద నుంచి ఎర్రదుమ్ము లేస్తోంది. రోజ్‌మేరీ వాసన చేతులకి అంటుకుంటోంది.

"క్లెమ్... యుద్ధస్మారకం రాయి మీద వాడి పేరు..."

"అడిగాను గ్లెన్. రెండుసార్లు అడిగాను." అతను తలెత్తలేదు. "అక్కడ పోయినవాళ్ళవే రాయి మీద ఎక్కుతాయి. ఇంటికొచ్చి పోయినవాళ్ళవి ఎక్కవు. అది పద్ధతట. నాదీ ఎక్కదులే. బతికొచ్చిన నేరానికి శిక్ష."

ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"నువ్వొచ్చినప్పుడు మీ అమ్మ ఏం అడిగింది?" అంది హఠాత్తుగా.

క్లెమ్ రెమ్మల్ని ఒక కట్ట కట్టి పక్కన పెట్టాడు. "ఏం అడగలేదు. టీ పెట్టింది. యాభై ఏళ్ళయింది గ్లెన్... ఆ టీ నా గొంతులోంచి ఇంకా దిగలేదు."

*

ఆదివారం చర్చిలో చాప మీద ఏడుగురు పిల్లలు. పిప్పా అందరికన్నా ముందు. స్వెట్టరు మీద ఎడమవైపు నాలుగు పతకాలు వేలాడుతూ, కదిలినప్పుడల్లా గజ్జెల్లా మోగుతున్నాయి. క్లెమ్ నడవలోంచి వచ్చి, మోకాళ్ళు పటపటమంటుండగా ఆమె ముందు వంగాడు.

"బంగారం, ఇవి తప్పు పక్కన పెట్టుకున్నావు. ఎడమవైపు సంపాదించినవాడిది. వాడి మనుషులు కుడివైపు పెట్టుకోవాలి. మార్చనా?"

పిప్పా పతకాల మీద రెండు చేతులూ వేసుకుంది. "కుడివైపు పెడితే నాన్న లేడని అందరికీ తెలిసిపోతుందిగా?"

క్లెమ్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఊళ్ళో ఎవరు ఏ పక్క పతకం పెట్టినా పట్టుకుని సరిచేసే మనిషి... ఆ ఒక్కసారికి లేచి వెళ్ళి తన బెంచీలో కూర్చున్నాడు.

గ్లెనిస్ పలక నిలబెట్టింది. చిట్టచివరి బెంచీలో, తలుపు పక్కన, టీగన్ కారు తాళాలు చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆ తాళాల వైపు చూడకుండా ఉండటానికి గ్లెనిస్ తన బలమంతా వాడాల్సి వచ్చింది. ఒక్క మాట తప్పితే ఆ తాళాలు లేస్తాయి. వాటితోపాటు ఈ మచ్చల మొహం, ఈ గజ్జెల చప్పుడు, 'నానమ్మా' అనే పిలుపూ లేచి వెళ్ళిపోతాయి.

ఎర్ర సిలువని అదిమింది. నిలబడింది. "యేసయ్య మన కోసం ప్రాణం పెట్టాడు," అంది. అలవాటైన మాట, దానంతట అదే వచ్చింది. పక్కన సిపాయిని అదిమి చెయ్యి తీసింది. సిపాయి జారి కింద పడ్డాడు.

పిల్లలు కిచకిచ నవ్వారు. తీసి మళ్ళీ అదిమింది. మళ్ళీ పడ్డాడు. ముప్పై ఒక్కేళ్ళు చేతులు పడి పడి ఆ గుడ్డ మీద నూగంతా పోయింది. పట్టుకోవడానికి వాడిలో ఏమీ మిగల్లేదు.

"తాగొచ్చినట్టున్నాడు!" అన్నాడొక పిల్లాడు. ఇంకా నవ్వులు. ఆమె మూడోసారి వంగబోతుంటే, ఆ నవ్వుల మధ్యనే, పిప్పా అడిగేసింది. చాలా మామూలుగా, టైము ఎంతయిందని అడిగినట్టు.

"నానమ్మా, మా నాన్న ప్రాణం పెట్టాడా? తీసుకున్నాడా?"

నవ్వులు ఆగిపోయాయి. చివరి బెంచీలో తాళాలు గలగలమన్నాయి. టీగన్ లేచి నిలబడింది.

అవును అని ఒక్క మాట అంటే చాలు! ఆ మాట ఎంత దగ్గర్లో ఉంది... నాలుక చివర, తియ్యగా! ఊరంతా తలలూపుతుంది. ఎవరికీ కాదనే ధైర్యం ఉండదు. రోరీ కూడా శుభ్రమైపోతాడు, తెల్లగా, గుడ్డ సిలువలా. కానీ ఎదురుగా ఉన్న బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు ఆమెని చూస్తున్నాయి. ఒకసారి ఇలాంటి బుగ్గలకే ఆమె ఒక అందమైన చావు నేర్పింది. వెళ్ళిపోవడమే ప్రేమ అని ఈ పిల్లకీ నేర్పనా? ఇరవై ఏళ్ళకో, ముప్పై ఏళ్ళకో, ఏదో ఒక చీకటి రోజున, ఈ మాట దీనికి గుర్తొస్తే?

గ్లెనిస్ నడుం పట్టుకుని, మెల్లగా, చాప మీద పిల్లల మధ్య కూర్చుంది.

"పెట్టలేదు తల్లీ," అంది.

బెంచీల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"నాన్న ఎవరి కోసమూ ప్రాణం పెట్టలేదు. నాన్న పోవడం వల్ల మనలో ఎవరికీ మేలు జరగలేదు. నాన్న ఉంటే జరిగేది. రోజూ జరిగేది... నీకు జడ వేయడం రాక చిక్కులు పెట్టేవాడు చూడు, ఆ మేలు. తీసుకుని కూడా ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. అది పెద్దవాళ్ళు అనే మాట, అంతే. నాన్నకి పెద్ద జబ్బు చేసింది. కనిపించని చోట చేసింది. ఆ జబ్బు నాన్నతో అబద్ధాలు చెప్పింది, నువ్వు లేకపోతేనే వీళ్ళు బాగుంటారని. నాన్న నమ్మేశాడు."

"నేను అల్లరి చేసినందుకా?"

"కాదు! కాదు, కాదు!" గ్లెనిస్ ఆ చిన్న మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. "నీ వల్ల కాదు. మీ అమ్మ వల్ల కాదు. ఎప్పటికీ కాదు."

పిప్పా ఆలోచించింది. "అయితే యేసయ్య కథలో నాన్న లేడా?"

ఇదీ వాడు అడిగిన ప్రశ్నే. నన్నెక్కడ అంటిస్తావు? ఆమె పలక వైపు చూసింది. నీలం గుడ్డ మీద ఎర్ర సిలువ ఒక్కటే ఉంది. చెప్పాల్సింది ముందుగా ఆలోచించి పెట్టుకున్నది కాదు. నోట్లోంచి వస్తుంటే ఆమె కూడా పిల్లలతోపాటే వింటోంది.

"పిల్లలూ, ఇన్నేళ్ళూ నేను ఈ రోజున సగం కథే చెప్పాను. యేసయ్య చనిపోయిన దగ్గర ఆపేసేదాన్ని. సిపాయి బొమ్మకి అంతవరకే సరిపోయేది మరి. కానీ యేసయ్య తిరిగొచ్చాడు కదా? ఎలా వచ్చాడు? కొత్తగా, మెరుస్తూ వచ్చాడనుకుంటాం. కాదు. గాయాలతో వచ్చాడు. చేతుల్లో బెజ్జాలు అలాగే ఉన్నాయి. చావుని గెలిచినవాడికి కూడా అవి పూడలేదు! ఆయన స్నేహితులు తలుపులు వేసుకుని భయపడుతూ కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు మాత్రం, నేను చూడాలి, నేను ముట్టుకోవాలి అన్నాడు. యేసయ్య కోప్పడలేదు. చెయ్యి చాపాడు." ఆమె తన అరచెయ్యి చాపింది. పొద్దున బిస్కెట్లకి కలిపిన ఓట్స్ పిండి గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది. "యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళందరికీ బెజ్జాలుంటాయి. కొందరివి బయటికి కనబడవు. వాళ్ళకి కావలసింది గొప్ప పాఠాలు కాదు. చూపించు, నేను ముట్టుకుంటాను అనే మనిషి ఒక్కరు కావాలి."

"నాన్న చూపించలేదా?"

"చూపించబోయాడు." ఆమె ఎటూ చూడలేదు, కానీ తలుపు పక్కన నిలబడిన మనిషికే చెబుతోందని అందరికీ తెలిసింది. "నాకు చూపించబోయాడు తల్లీ. ఇక్కడే. ఈ పలక ముందే. నేను... బిస్కెట్ తినమన్నాను."

బయట గోధుమ గిడ్డంగి మీద కాకతువ్వలు అరుస్తున్నాయి. క్లెమ్ టోపీని మోకాలి మీద తిప్పుతూ ఏడుస్తున్నాడు. మొహం దాచుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఇప్పుడు యేసయ్య అడిగుంటాడా నాన్నని? చూపించమని?"

"అడిగుంటాడని నమ్ముతున్నాను."

"నీకు తెలుసా, నమ్ముతున్నావా?"

"తెలియదు. నమ్ముతున్నాను."

పిప్పా తల ఊపింది. ఓదార్పు పొందినట్టు కాదు, లెక్క తప్పొచ్చినా చెరిపేసే ఓపిక లేనట్టు. కింద పడిన సిపాయిని తీసి దుమ్ము దులిపి, తన స్వెట్టరు జేబులో పెట్టుకుంది. తర్వాత పతకాల పిన్ను తనే విప్పుకుని, నాలుక పంటి కింద పెట్టి, ఎంతోసేపు తంటాలుపడి వాటిని కుడివైపుకి మార్చుకుంది.

*

చర్చి వెనక గదిలో గ్లెనిస్ కప్పులు కడుగుతుంటే టీగన్ వచ్చి పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టింది.

"నాకొక పాడు ఆలోచన వస్తుంటుంది టీగన్," అంది గ్లెనిస్ నీళ్ళలోకి చూస్తూ. "ఆ రాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ పేర్లున్న కుర్రాళ్ళ తల్లులంటే నాకు అసూయ. వాడు అక్కడే పోయుంటే... అనిపిస్తుంది. కన్నతల్లిని! అలా అనిపిస్తుంది."

టీగన్ చేతిలో కప్పు ఆగింది. దాన్ని బల్ల మీద బోర్లించి అంది, "నాకూ."

"నీకూనా?"

"ఎన్నిసార్లో! జెండా కప్పి తెచ్చేవాళ్ళు. జనం నన్ను చూసి వీధి దాటి అటు వెళ్ళేవాళ్ళు కాదు. నేను ఎక్కడ తప్పు చేశానా అని రోజూ వెతుక్కునే పని ఉండేది కాదు..." కళ్ళు మోచేత్తో తుడుచుకుంది. "తర్వాత పిప్పా గుర్తొస్తుంది. వాడు అక్కడే పోయుంటే ఇది పుట్టేదే కాదు. వెంటనే లేచి దాని చెంప మీద చెయ్యి వేసి చూస్తాను, ఉందా అని. నీ మీద అరిచాను కానీ... ఆఖరి రోజు పొద్దున వాడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. దుకాణానికి ఆలస్యమవుతోందని నేనే విడిపించుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

గ్లెనిస్ తడిచేతులతోనే ఆమెని పట్టుకుంది. ఇద్దరి మధ్యా తుడుపుగుడ్డ నలిగిపోయింది. ఎవరు ఎవరిని క్షమించారో ఇద్దరికీ తెలియదు. క్షమించాల్సినవాడు అక్కడ లేడు.

"వెళ్తున్నాను మరి," అంది టీగన్ ఆమె భుజంలోకి. "కోపంతో కాదు. బడికి సెలవులివ్వగానే. వాడు పోయిన ఆ ఇంట్లో ప్రతి తలుపూ తెరవడానికి భయపడి బతకలేను."

"వెళ్ళు," అంది గ్లెనిస్. ఆ మాట అనడానికి ఎంత బలం కావాలో ఆమెకి అప్పుడే తెలిసింది. "మీ అమ్మ దగ్గర, సముద్రం పక్కన పాపకి బాగుంటుంది. వెళ్ళు."

*

ఆన్జాక్ డే తెల్లవారుజామున చలి మొహాలకి గుచ్చుకుంటోంది. చీకట్లో రాయి చుట్టూ నూట యాభై మంది నిలబడి ఉన్నారు. నోళ్ళలోంచి ఆవిర్లు లేస్తున్నాయి. అందరి ఛాతీల మీదా గ్లెనిస్ పెరటి వాసన. పిప్పా ఇద్దరి మధ్యా నిలబడింది, పతకాలు కుడివైపు.

క్లెమ్ టార్చిలైటు వెలుగులో పేర్లు చదివాడు. అరవై మూడు పేర్లు. ఒక్కో పేరుకీ పిప్పా కొంచెం కొంచెం మునివేళ్ళ మీదికి లేస్తోంది. నాన్న పేరు ఉండదని చెప్పినా! చివరి పేరు అయింది. క్లెమ్ కాగితం మడవలేదు. అతని పెదవులు ఒకసారి కదిలాయి... మళ్ళీ మూతపడ్డాయి. కాగితం మడిచాడు. పిప్పా మడమలు నేల మీదికి దిగాయి. అంతే. బాకా ఊదారు. తలలు వంగాయి. దుక్కుల అవతల ఆకాశం బూడిదరంగుకి తిరిగింది.

పూలచక్రాలు పెట్టడం మొదలయ్యాక పిప్పా చెయ్యి విడిపించుకుని ముందుకు నడిచింది. జేబులోంచి గుడ్డ సిపాయిని తీసింది. పేర్ల కింద మిగిలిన ఖాళీ రాతికి వాణ్ణి అదిమి చెయ్యి తీసింది. వాడు పడ్డాడు. తీసి మళ్ళీ అదిమింది. పడ్డాడు. బళ్ళో, చర్చిలో, గుడ్డ అంటుకునే చోట్లే చూసిన పిల్ల... రాయికి అంటుకోదని దానికి ఎవరు చెప్పాలి? నాలుగోసారి, అయిదోసారి. జనం కళ్ళు దించుకున్నారు. పిల్ల భుజాలు కదలడం మొదలైంది.

టీగన్ వెళ్ళి తడిగడ్డిలో మోకరిల్లి, కూతురి చేతి మీదుగా తన అరచెయ్యి వేసి సిపాయిని రాయికేసి అదిమి పట్టుకుంది. గ్లెనిస్ తన చోటే నిలబడిపోయింది. పిలవకుండా వెళ్ళే హక్కు ఉందో లేదో తెలియలేదు.

కొంతసేపటికి టీగన్ తల తిప్పకుండానే అంది: "అమ్మా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. నాకు లాగేస్తోంది."

గ్లెనిస్ వెళ్ళి మోకరిల్లింది. రాయి మంచులా ఉంది. కోడలి చెయ్యి దానికన్నా చల్లగా ఉంది. ఆ రెండు చేతుల కింద ఎక్కడో మనవరాలి వేళ్ళు, ఆ వేళ్ళ కింద మచ్చల బుగ్గలు. జనం ఒక్కొక్కరే టీలకి వెళ్ళిపోయారు. క్లెమ్ మాత్రం టోపీ తీసి దూరంగా నిలబడ్డాడు. ఎండ మెల్లగా పై పేర్ల మీద పడింది. ఇంకా కిందికి దిగలేదు.

"నానమ్మా, ఎంతసేపు పట్టుకోవాలి?"

గ్లెనిస్ రెండో చెయ్యి కూడా వేసి అదిమింది. చేతులు తీస్తే పడిపోతాడని ముగ్గురికీ తెలుసు.